పుష్కరాల లోపు ఫొటోగ్రాఫర్లకు ఒక గది ఇప్పించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. 2027లో రానున్న గోదావరి పుష్కరాల గురించి మీ పత్రికలో వస్తున్న వార్తలను శ్రద్ధగా చదువుతున్నాను. రేవులు, రోడ్లు, వసతుల చర్చలో ఇది చిన్న కోరికగా కనిపించవచ్చు గానీ, రాజమహేంద్రవరంలో ఫొటోలు తీసేవాళ్లు వారానికి ఒక పూట కలిసి కూర్చోవడానికి ఒక గది కావాలని అధికారులకు మీ ద్వారా విన్నవించుకుంటున్నాను.

మా బృందంలో పదిహేను మందికి పైగా ఉన్నాం. స్టూడియోలు నడిపి విరమించుకున్న నాలాంటి వాళ్లు, ఉపాధ్యాయులు, ఒక రైల్వే ఉద్యోగి, కొందరు డిగ్రీ విద్యార్థులు ఇందులో సభ్యులు. కొంతకాలం ఒక కల్యాణ మండపం యజమాని ఆదివారం ఉదయం భోజనాల గదిని ఉచితంగా వాడుకోనిచ్చారు. ముహూర్తాలు మొదలయ్యేసరికి అక్కడి నుంచి లేచి టీకొట్టుకు చేరాం. అప్పటి నుంచి మాతో వచ్చే ఇద్దరు అమ్మాయిలు రావడం తగ్గించారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. పరదా పాటించే స్త్రీలు నిశ్చింతగా వచ్చి ఫొటో తీయించుకోవాలంటే వేరే చోటు ఉండాలని గ్రహించి నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో వారికోసం జనానా స్టూడియో తెరిచారు. ఇన్నేళ్ల తర్వాత కూడా కెమెరా పట్టుకున్న ఆడపిల్ల రోడ్డు పక్క బల్ల మీద కూర్చుని పాఠం నేర్చుకోవాల్సి రావడం బాగాలేదు.

ఫోన్‌లో గ్రూపు పెట్టుకుంటే చాలదా అని చాలామంది అడుగుతుంటారు. గ్రూపు మాకూ ఉంది. అందులో ఏ ఫొటో పెట్టినా పది దండాలు, నాలుగు పువ్వులు వస్తాయి తప్ప తప్పు చెప్పేవాళ్లు ఉండరు. బల్ల మీద పరిచిన ప్రింటు సంగతి వేరు. ఒకసారి ఒక విద్యార్థి రేవు మెట్ల మీద కూర్చున్న వృద్ధుణ్ణి తీసి తెచ్చాడు. మాలో పెద్దాయన ఒకరు ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు నల్ల అట్టముక్కలు తీసి, ప్రింటు మీద ఎదురెదురుగా పెట్టి, పైనున్న ఆకాశాన్ని మెల్లగా మూసుకుంటూ వచ్చారు. వృద్ధుడి నీడ మెట్టు మీద విరిగిన చోట అట్ట ఆగింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ఆ కుర్రాడు మాత్రం చాలాసేపు ఆ ప్రింటు వంకే చూస్తూ ఉండిపోయాడు.

గది అడగడానికి ఇంతకంటే ముఖ్యమైన కారణం పాత నెగటివ్‌లు. కాలం చేసిన ఒక స్టూడియో యజమాని భార్య ఈమధ్య మాకు ఒక బిస్కట్ల రేకు డబ్బా అప్పగించారు. మూత తీయగానే పులిసిన వెనిగర్ వాసన గుప్పుమంది. అసిటేట్ ఫిల్ము పాడవుతున్నప్పుడు వచ్చే వాసన అది. లోపల ‘120’ అనే సైజు ఫిల్ములు, ట్విన్ లెన్స్ కెమెరాతో రీలుకు 12 ఫొటోల చొప్పున తీసినవి, బటర్ పేపర్ కవర్లలో ఉన్నాయి. ఒక కవరు మీద పెన్సిలుతో ‘పుష్కరాలు 91’ అని రాసి ఉంది. కిటికీ వెలుగుకు అడ్డం పెట్టి చూస్తే, రేవు నిండా తెల్ల చీరలన్నీ నల్లగా, వెనక హేవ్‌లాక్ వంతెన మీద రైలు. ఆ వంతెన మీద రైళ్లు ఆగిపోయింది 1997లో. అంచుల్లో ఫిల్ము అప్పటికే వంకరపోయింది, రెండు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

ఇలాంటి డబ్బాలు ఈ ఊళ్లో ఇంకా ఎన్ని అటకల మీద ఉన్నాయో! 1986 వరద, 1996 కోనసీమ తుపాను, 2003 పుష్కరాలు ఇలాగే ఎవరి బీరువాలోనో బూజు పడుతూ ఉండాలి. 2015 పుష్కరాల ఫొటోలకు ఆ మాత్రం దిక్కు కూడా లేదన్నది నా భయం, ఎందుకంటే అవి పాత ఫోన్లలోనూ, తిరగడం మానేసిన హార్డ్ డిస్కుల్లోనూ చిక్కుకుపోయాయి. ఒక స్కానరు, నెగటివ్‌లు పెట్టి చూసే ఒక లైట్ బాక్సు, పొడిగా ఉండే ఒక అల్మారా ఉంటే ఎవరి ఫిల్ము వాళ్లకే తిరిగి ఇచ్చేసి, ఏ రేవు, ఏ సంవత్సరం, ఎవరు తీశారు అన్న వివరాలతో నకళ్లు ఊరికి మిగల్చవచ్చు. ఆ వివరాలు చెప్పగలిగిన వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు గనుకనే తొందర పడుతున్నాను.

మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1856లోనే, మద్రాసులో ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. మన ఊళ్లోనే చిత్రకారుడు దామెర్ల రామారావు ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండా 1925లో కన్నుమూసేలోపు చిత్రకారులకు ఒక బడి ఏర్పరచారు, ఆయన పేరిట గ్యాలరీ నేటికీ ఉంది. కుంచెకు చోటిచ్చిన ఊరు కెమెరాకు ఇవ్వలేదని నేను అనుకోను.

క్లబ్బుల లోపాలు నాకు తెలియనివి కావు. పోటీలకు పంపి పేరు వెనక బిరుదుల అక్షరాలు తగిలించుకోవడమే పరమార్థమైపోయిన క్లబ్బులు ఉన్నాయి. తెల్లవారుజామున ఒక జాలరికి డబ్బిచ్చి, పది కెమెరాలు చుట్టూ నిలబడి, వల మళ్లీ మళ్లీ విసిరించి ‘గోదావరి జీవితం’ అని పేరు పెట్టే వాళ్లూ ఉన్నారు. (ఒకసారి నేనూ ఆ పది మందిలో ఉన్నాను.) అందుకే గది ఏ ఒక్క క్లబ్బు పేరునా వద్దు. స్టూడియో కుర్రాడైనా, ఫోన్‌తో తీసే గృహిణి అయినా తలుపు తోసుకుని లోపలికి రాగలగాలి.

ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనమందరం గ్రంథాలయ సెస్సు చెల్లిస్తున్నాం. జిల్లా గ్రంథాలయ సంస్థ తన భవనాల్లో ఒక గదిని ఆదివారం ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా కేటాయిస్తే సరిపోతుంది. పుస్తకం ఊరి జ్ఞాపకమైనప్పుడు నెగటివ్ కూడా అంతే కదా. తాళం గ్రంథాలయ సిబ్బంది దగ్గరే ఉండవచ్చు. కరెంటు ఖర్చు మేం భరిస్తాం. స్కానరు కొనడానికి చందాలు వేసుకోవడం ఇప్పటికే మొదలుపెట్టాం. అనుమతి వచ్చిన మర్నాడే బల్ల, కుర్చీలు మేమే మోసుకొస్తాం, ఆ రేకు డబ్బాతో సహా.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఫొటోగ్రాఫర్,
రాజమహేంద్రవరం