సూరికి, కర్ర సీలల ఇంటి సంగతి

ఈవ్‌షామ్ (ఇంగ్లండ్), ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. ఎంత తిట్టినా పడతాను. ఒంట్లో బాగానే ఉంది, ఉద్యోగం నడుస్తోంది, చలి తగ్గింది. ఇక అసలు సంగతి విను. ఈ కాగితం బాబాయికి కూడా చదివి వినిపించు, సగం ఆయన కోసమే రాస్తున్నా.

నిన్న పక్కనే ఉన్న బ్రెట్‌ఫోర్టన్ వెళ్ళాను. అక్కడ ఫ్లీస్ ఇన్ అని ఒక పాత పబ్ ఉంది. మొదట అది రైతు ఇల్లు, 15వ శతాబ్దం నాటిది. మనుషులూ గొడ్లూ ఒకే కప్పు కింద ఉండేవారట. 1848లో ఆ కుటుంబమే పబ్ పెట్టింది.

లోపలికి వెళ్ళగానే తలెత్తి దూలాలు లెక్కపెట్టడం మొదలెట్టాను. మీ పెంకుటింట్లో మనం లెక్కపెట్టినట్టే! మూడో దూలం దగ్గరికి వచ్చేసరికి నవ్వాగలేదు. బెల్లం కుండ ఎవరిదో ఇప్పటికైనా ఒప్పుకో.

ఇంటి బరువంతా మోసేది ఓక్ చెక్క స్తంభాలూ దూలాలే. మధ్యలో గోడ ఉత్త నింపుడు. తడిక అల్లి, బంకమట్టిలో పేడా గడ్డీ కలిపి మెత్తేవారు. అచ్చం మన దడిగోడే! అతుకుల్లో కుసి (సన్నగా చెక్కిన కర్ర కొస), అది దూరే బెజ్జం, రెంటికీ అడ్డంగా కర్ర సీల. బాబాయికి చెప్పాల్సింది ఇక్కడుంది. ఇలాంటి ఇళ్ళు కట్టిన పాతకాలం వడ్రంగులు కుసిలో సీల రంధ్రాన్ని, బెజ్జం పక్కల ఉన్న రంధ్రానికి సూటిగా కాకుండా, కావాలనే కాస్త పక్కకి తొలిచేవారు. సీల కొట్టేకొద్దీ అది కుసిని లోపలికి లాగి బిగిస్తుంది. పచ్చి ఓక్‌తోనే కట్టేవారు కాబట్టి ఆరేకొద్దీ ఆ అతుకు ఇంకా బిగుస్తుంది. మనవాళ్ళూ ఇలా చేసేవారా? తప్పకుండా అడిగి రాయి.

పొయ్యి ముందు నేల మీద తెల్లటి వలయాలు గీసి ఉన్నాయి. పొగగూడు లోంచి మంత్రగత్తెలు దిగకుండానట. నాకు మీ అమ్మ గడప ముగ్గే గుర్తొచ్చింది.

ఆ వంశంలో చివరామె పేరు లోలా టాప్లిన్. 1977లో పోతూ ఇంటిని నేషనల్ ట్రస్ట్‌కి (పాత కట్టడాల్ని కాపాడే సంస్థ) రాసిచ్చింది. చిప్స్ అమ్మకూడదని షరతు కూడా పెట్టిందట. 2004లో గడ్డికప్పుకి నిప్పంటుకుంటే మళ్ళీ కప్పి నిలబెట్టుకున్నారు.

అక్కడ కూర్చుంటే, మీ ఇల్లు పడగొట్టిన రోజు బాబాయి దూలం మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోవడం... ఆ రోజు నేనేమీ మాట్లాడలేకపోయాను రా. ఆ దూలం ఇప్పుడెక్కడుంది? అమ్మేశారా, పెరట్లోనే ఉందా? ఉంటే మాత్రం ఎండలో వదిలెయ్యకండి, నేను వచ్చేదాకా...

పన్నెండు దాటింది. పొద్దున్న ఐదింటికే బస్సు. పడుకుంటా.

నీ
వాసు