కమిషనర్ గారికి బహిరంగ లేఖ: కార్పొరేటర్లకు న్యాయ సలహా అందాలి

గౌరవనీయులైన నగర కమిషనర్ గారికి,

ఈ విషయమై మూడు అర్జీలు ఇచ్చాను. రసీదులున్నాయి, జవాబు లేదు. అందుకే పదిమంది చూసేలా రాస్తున్నాను.

మా వీధి పక్కన గెడ్డను (వాన నీళ్లు పోయే వాగును) పూడ్చి కట్టిన గోడను తొలగించవచ్చా, కోర్టు స్టే అడ్డమా అని మా కార్పొరేటర్ అడిగారు. న్యాయాభిప్రాయం ఫైల్లో ఉందని అధికారులు అన్నారు గానీ ఫైలు చూపలేదు. ఆవిడ చివరికి సొంత డబ్బుతో బయటి ప్లీడరును సంప్రదించారు. ఈలోగా వానలు పట్టుకున్నాయి. పక్కింటి పెద్దావిడ బియ్యం బస్తాను మంచమెక్కించి, తాను మోకాలి లోతు నీళ్లలో రాత్రంతా నిలబడింది. తెల్లారాక చూస్తే బురద గీత స్విచ్‌బోర్డుకు జానెడు కిందే ఉంది.

స్టాండింగ్ కౌన్సెల్‌కు, అంటే నగరపాలక సంస్థ తరఫు న్యాయవాదికి, క్లయింటు మొత్తం సంస్థ; ఒక్క అధికారులే కాదు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఎన్నికైన కౌన్సిల్‌కు రాజ్యాంగ హోదా ఇచ్చింది. 98 వార్డుల సభ్యులను న్యాయాభిప్రాయం చూపకుండా తీర్మానానికి చేతులెత్తమనడం ఏం సబబు? ప్రతి కార్పొరేటరూ లాయరుకు నేరుగా ఫోన్ చేయాలని నేననను. అది ఇంకో గందరగోళం. నడుస్తున్న కేసుల్లో గోప్యత కావాలి, స్వప్రయోజనం ఉన్న సభ్యుణ్ని పక్కన పెట్టాలి, ఒప్పుకుంటాను.

నేను కోరేది ఇది. సభ్యుల లిఖితపూర్వక ప్రశ్న కార్యదర్శి ద్వారా న్యాయవాదికి వెళ్లాలి. 15 రోజుల్లో రాతపూర్వక జవాబు రావాలి. అజెండాతోపాటు దాని ప్రతి సభ్యులందరికీ అందాలి. వచ్చే కౌన్సిల్ సమావేశంలోపు ఈ మేరకు ఉత్తర్వు ఇప్పించగలరని మనవి.

ఇట్లు,
గెడ్డ ఒడ్డున ఉంటున్న ఒక పన్ను చెల్లింపుదారు
విశాఖపట్నం