బిడ్డకు ఇద్దరమ్మలైతే ఆస్పత్రికేం ఇబ్బంది?

సంపాదకులకు,

ఆస్పత్రుల్లో గర్భిణులకు సేవలు మెరుగుపడ్డాయని పోయిన వారం మీ జిల్లా పేజీలో అధికారుల మాటలు చదివాను. ఊరుకుందామనే నాలుగు రోజులు చూశాను, మనసొప్పలేదు.

నా కూతురు ఆరేళ్లుగా ఒక అమ్మాయితో కలిసి బతుకుతోంది. మొదట్లో నేనూ ఏడ్చాను, ఆ సంగతి వదిలేయండి. ఇద్దరూ అనుకునే, డాక్టర్ల సాయంతో బిడ్డను కన్నారు. పెళ్లికాని స్త్రీకి కూడా 50 ఏళ్ల లోపు ఆ అవకాశం 2021 నాటి చట్టమే ఇచ్చింది, దాచుకోవాల్సిన పనేమీ కాదు.

కాన్పుకి నెల్లూరు పొగతోటలో ఒక ఆస్పత్రిలో చేరారు. ఉమ్మనీరు తగ్గింది, ఆపరేషన్ చేయాలన్నారు. సంతకానికి భర్త ఏడీ అన్నారు. పక్కనున్న అమ్మాయిని ‘నువ్వేమవుతావు?’ అని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పింది. ‘అలాంటివి ఇక్కడ కుదరవు, పెద్దవాళ్లని పిలిపించండి’ అన్నారట. కావలి నుంచి నేను వెళ్లేసరికి గంటన్నర పట్టింది. నా కూతురికి 31 ఏళ్లు, స్పృహలోనే ఉంది. తన సంతకం తను పెట్టుకోలేదా? రోగి మేజరై తన నిర్ణయం తను చెప్పగలిగినప్పుడు తల్లి సమ్మతి చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది. అయినా నా సంతకం పడ్డాకే లోపలికి తీసుకెళ్లారు. ఆ గంటన్నర టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు.

బాబుని ఐసీయూలో పెట్టారు. తల్లీ తండ్రీ తప్ప ఎవరూ రాకూడదన్నారు. కుట్లతో నా కూతురు లేవలేకపోయింది. ఆ అమ్మాయే పిండిన పాలు చిన్న స్టీలు గిన్నెలో పోసుకుని, పైన మూతలా చెయ్యి అడ్డం పెట్టి, మూడంతస్తులు ఎక్కి నర్సు చేతికిచ్చి తలుపు దగ్గరే నిలబడేది. అమ్మమ్మనని నన్ను రెండో రోజే పంపారు. ఆమె బాబు మొహం చూసింది నాలుగో రోజున.

ఇలాంటి వాళ్ల హక్కులు ఆస్పత్రుల్లో కాపాడాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2024లో రాష్ట్రాలన్నిటికీ లేఖలు రాసింది. మన జిల్లాలో ఆ మాట ఎవరికి చెప్పారు? ఏ ఆస్పత్రి గోడ మీద రాశారు? మొగుడు కువైట్‌లో ఉన్న ఆడవాళ్లకి, మొగుడు వదిలేసిన వాళ్లకి కూడా ఆ కౌంటర్ల దగ్గర ఇదే అవస్థ. ఏళ్లు గడిచినా ఫారంలో ‘భర్త/తండ్రి’ అన్న గడి మాత్రం మారదు. దాని బదులు ‘రోగి చెప్పిన మనిషి’ అని రాస్తే ప్రభుత్వానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు. జిల్లా వైద్యాధికారులు ఈ పనైనా చేయాలి.

వచ్చే నెలలో బాబుకి టీకా ఉంది. ఇద్దరూ కలిసే తీసుకెళతారు.

– ఒక తల్లి, కావలి
(పేరు వేయవద్దని మనవి)