చిన్న పడవకు చేతితో తిప్పే డౌన్‌రిగ్గరే తగినది

సంపాదకులకు,

అయ్యా,

మిషిగన్ సరస్సులో సాల్మన్ చేపల వేట గురించి మీ పత్రిక ప్రవాస తెలుగువారి పుటలో ప్రచురించిన వ్యాసం ఆసక్తిగా చదివాను. సరస్సునూ, ఒడ్డునున్న లడింగ్టన్, మనిస్టీ వంటి రేవులనూ వ్యాసకర్త చక్కగా పరిచయం చేశారు. అయితే బ్యాటరీతో నడిచే డౌన్‌రిగ్గర్ (ఎరను లోతు నీటికి దించే పరికరం) కొనే స్తోమత లేనివారు లోతు నీటి వేట జోలికి పోకపోవడమే మేలన్న అర్థం వచ్చేలా ఆయన చేసిన సూచనతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను. 14 నుంచి 16 అడుగుల అల్యూమినియం పడవ ఉన్నవారికి ఆ సలహా అనవసరపు ఖర్చు పెట్టిస్తుంది, లేదా అసలు సరదానే మాన్పిస్తుంది. అలాంటి పడవకు చేతితో తిప్పే డౌన్‌రిగ్గరే సరైనదని నా అభిప్రాయం.

ఈ పరికరం అవసరం ఎందుకు వచ్చిందో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. ఈ సరస్సులో సాల్మన్ పుట్టుకతో ఉన్న చేప కాదు. లెక్కకు మించి పెరిగిపోయిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేపలను అదుపు చేయడానికీ, గాలం వేటకు ప్రోత్సాహం ఇవ్వడానికీ మిషిగన్ రాష్ట్ర మత్స్య విభాగం, హోవర్డ్ టానర్ ఆధ్వర్యంలో, 1966లో కోహో సాల్మన్ పిల్లలనూ, 1967లో చినూక్ సాల్మన్ పిల్లలనూ ఇక్కడి నదుల్లో వదిలింది. చినూక్ చల్లదనం కోరుకునే చేప. సుమారు 50 నుంచి 55 డిగ్రీల ఫారెన్‌హీట్ నీరు దానికి ఇష్టం. ఎండాకాలంలో సరస్సు పైన వెచ్చని నీరు, అడుగున చల్లని నీరు రెండు పొరలుగా విడిపోతాయి కనుక, చేప ఆ చల్లని పొర అంచును పట్టుకుని తిరుగుతుంది. పడవ వెనక మామూలుగా లాగే తేలికపాటి ఎర అంత లోతుకు దిగదు. సీసపు గుండును తీగకు కట్టి దించి, గాలపు దారాన్ని ఒక క్లిప్పుతో ఆ గుండుకు తగిలించి ఎరను కోరిన లోతుకు చేర్చడం డౌన్‌రిగ్గర్ చేసే పని. చేప ఎరను పట్టగానే దారం క్లిప్పు నుంచి ఊడిపోతుంది. ఆపైన గుండు బరువు అడ్డు లేకుండా చేపతోనే పెనుగులాట.

పరికరం ఇంత సరళమైనది. చేతితో తిప్పేది నూతి గిలక లాంటిదే, కాకపోతే బకెట్టుకు బదులు గుండు ఉంటుంది. ఉత్తరపు గాలి కొన్ని రోజులు నిలకడగా వీస్తే మన వైపు, అంటే సరస్సు తూర్పు ఒడ్డున, చల్లని నీరు పైకి వస్తుంది. అలాంటప్పుడు 40 అడుగుల లోతులోనే చేప దొరుకుతుంది. పడమటి గాలి వెచ్చని నీటిని ఒడ్డుకు నెట్టినప్పుడు ఇంకా లోతుకు దించాలి. గుండును 60, 70 అడుగుల నుంచి పైకి లాగడం ఆరోగ్యంగా ఉన్న మనిషికి పెద్ద శ్రమ కాదు. చిన్న పడవలో మోటారును స్టార్టు చేసే బ్యాటరీ తరచుగా ఒక్కటే ఉంటుంది. గుండ్లు ఎత్తడానికీ దానినే వాడి, తీరా ఒడ్డుకు తిరిగి రావలసిన వేళ మోటారు స్టార్టు కాకపోతే ఎంత ఇబ్బందో వ్యాసకర్త ఆలోచించినట్టు లేదు.

ఇక ఎంపిక. దుకాణంలో అందరూ మొదట అడిగేది తీగ ఎన్ని అడుగులు ఉందని. నన్నడిగితే మొదట చూడవలసింది పరికరాన్ని కాదు, దాన్ని బిగించబోయే పడవ అంచును. చిన్న అల్యూమినియం పడవ అంచు రేకు పలుచగా ఉంటుంది. పది పౌన్ల గుండు వేలాడితే దానికి ఏమీ కాదు. గుండు అడుగున మునిగిన దుంగకో రాతికో తగులుకుని, పడవ మాత్రం మోటారు జోరుతో ముందుకే పోతున్నప్పుడు పడే లాగుడు వేరు. ఆ లాగుడుకు మరలు రేకును చీల్చుకుని ఊడివస్తాయి. అందువల్ల రేకు కింద మందపాటి లోహపు పలకో, గట్టి చెక్కో ఆనించి, ఆ పలక గుండా బోల్టులు వేసి నట్లు బిగించాలి. అంచుకు రంధ్రాలు వేయడం ఇష్టం లేనివారికి బిగింపు పట్టీతో నిలిచే రకాలు ఉన్నాయి. అవి తేలికపాటి గుండ్లకు పనికివస్తాయి గానీ, ప్రతిసారీ నీటిలోకి దిగే ముందు పట్టు సడలిందేమో చూసుకోవాలి.

పరికరం ఎక్కడ కూర్చుంటుందన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పడవలో తన చోట కూర్చుని, లేవకుండా, ఒక చేతితో పిడి తిప్పగలగాలి. అలలు ఉన్నప్పుడు చిన్న పడవలో లేచి నిలబడి అంచు మీదికి వంగడం కంటే ప్రమాదకరమైన పని మరొకటి లేదు. ఈ కారణంగానే పొడవాటి చేయి, అంటే తీగను పడవ బయటికి చాచి పట్టే కడ్డీ, ఉన్న నమూనాలను నేను సిఫారసు చేయను. రెండడుగుల చేయి ఉంటే తీగ పడవ పక్కకూ ప్రొపెల్లర్‌కూ ఎడంగా ఉంటుంది, గుండును చేతికి అందుకోవడానికి ఒళ్లంతా బయటికి వంచవలసిన పని కూడా ఉండదు.

రెండోది బ్రేకు. చేతి డౌన్‌రిగ్గర్లలో మంచి చెడ్డలు తేలేది దీని దగ్గరే. మంచి నమూనాలో మరను కొద్దిగా వదులు చేయగానే గుండు దాని బరువుకు అదే మెల్లగా దిగుతుంది, పిడి మాత్రం కదలదు. కొన్ని పాత నమూనాల్లో గుండు దిగుతున్నంతసేపూ పిడి కూడా గిర్రున తిరుగుతుంది. దాని దారిలో మణికట్టు పడితే ఎముక విరిగినా ఆశ్చర్యం లేదు. పాత సామాను చవకగా వస్తుందని కొనేవారు దీనిని తప్పక పరీక్షించాలి: పరికరాన్ని బల్లకు బిగించి, గుండు తగిలించి, మరను వేలితో మెల్లగా వదులు చేసి చూడాలి. గుండు జర్కులు లేకుండా ఒకే తీరున దిగాలి, బిగించిన మరుక్షణం ఆగాలి. అడుగున ఏదైనా తగిలి లాగుడు పడినప్పుడు ఇదే బ్రేకు జారి తీగను వదలాలి కనుక, వేటలో దాన్ని పూర్తిగా బిగించకూడదు. గుండు బరువును ఆపేటంత మాత్రమే బిగించాలి.

పిడి ఒక్కసారి తిప్పితే ఎంత తీగ చుట్టుకుంటుందో కూడా చూడాలి. కొన్నిటిలో అది ఒక అడుగు, కొన్నిటిలో రెండడుగులు. రెండడుగులది వేగంగా లాగుతుంది గానీ చేతికి బరువు ఎక్కువగా తెలుస్తుంది. సీసం నీటిలో పదకొండో వంతు మేరకే తేలికవుతుంది కనుక, పది పౌన్ల గుండు నీటిలోనూ తొమ్మిది పౌన్లకు పైనే తూగుతుంది. భుజాల నొప్పి ఉన్నవారు ఒక అడుగు రకమే తీసుకోవడం మంచిది.

గుండు బరువు, లోతు లెక్క గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేకపోవడం పెద్ద లోటు. పరికరం మీది అంకెల మీటరు చూపేది బయటికి వెళ్లిన తీగ పొడవునే గానీ గుండు ఉన్న లోతును కాదు. పడవ గంటకు రెండు, రెండున్నర మైళ్ల వేగంతో పోతున్నప్పుడు నీటి ఒత్తిడికి తీగ వెనక్కి వాలుతుంది. మీటరు 100 అడుగులు చూపుతుండగా తీగ నిలువు నుంచి 20 డిగ్రీలు వాలితే గుండు సుమారు 94 అడుగుల దగ్గర, 30 డిగ్రీలు వాలితే 87 అడుగుల దగ్గర ఉంటుంది. అది కూడా తీగ తిన్నగా ఉందనుకుంటేనే. నిజానికి తీగ వంపు తిరుగుతుంది కాబట్టి తేడా కొంత మారుతుంది. చల్లని పొర అంచు సన్నగా ఉన్న రోజున ఈ తేడా వల్లనే పక్క పడవకు చేపలు పడి మనకు పడకపోవచ్చు. ఎనిమిది పౌన్ల గుండు 50 అడుగుల వరకు సరిపోతుంది; అంతకు మించితే పది పౌన్లది మేలు. పన్నెండు పౌన్లది చేతితో ఎత్తే చిన్న పడవకు నేను పెట్టను.

తీగ విషయానికి వస్తే, ఉక్కు తీగ రాపిడికి ఓర్చుకుంటుంది గానీ మెలిక పడితే అక్కడే తెగుతుంది, పోగులు లేస్తే చేతిని కోస్తుంది. అల్లిన సింథటిక్ దారం సన్నగా ఉండి తక్కువ వాలుతుంది, నీటిలో మోత చేయదు. పదునైన అంచు తగిలితే మాత్రం ఆగదు. రెండూ పనికివచ్చేవే. క్లిప్పును మాత్రం చవకబారుది కొనకూడదు. బిగువు మార్చుకునే వీలు లేని క్లిప్పుకు చిన్న చేప చిక్కితే దారం ఊడదు, చేప గంటసేపు గుండు వెంట ఈడ్చుకుపోతున్నా పైన కూర్చున్నవారికి తెలియదు. గాలపు కర్ర కొన కిందికి బాగా వంగి ఉండేలా దారాన్ని బిగించి పెడితే, చేప తగిలి దారం ఊడగానే కర్ర ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది, ఆ కదలిక ఎవరి కంటికైనా కనపడుతుంది.

బ్యాటరీ పరికరాలను నేను తీసిపారేయడం లేదు. 150 అడుగులకు మించిన లోతులో లేక్ ట్రౌట్ చేపల కోసం రోజంతా గుండ్లు దించి ఎత్తేవారికీ, చేతుల్లో సత్తువ తగ్గినవారికీ అవి అవసరమే. కానీ అంత లోతు నీటికి చిన్న పడవలో వెళ్లాలా అన్నది వేరే ప్రశ్న. కోహో వేట మోజులో చిన్న చిన్న పడవల్లో ప్లాట్ నది పరిసరాల్లో సరస్సు మీదికి వెళ్లినవారిలో ఏడుగురు 1967 సెప్టెంబరు 23న తుఫానులో మరణించారు. హెచ్చరికలు ఉన్నా చాలామంది లెక్కచేయలేదు. గుండ్లు నీటిలో ఉన్న పడవ చటుక్కున మలుపు తిరగజాలదు, వేగం పెంచజాలదు. అందుకే గాలి మారుతున్నప్పుడు మొదట గుండ్లు పైకి రావాలి.

మీ వ్యాసానికి కొనసాగింపు ఉంటుందని చివర్లో పేర్కొన్నారు. అందులో వెంట తీసుకువెళ్లవలసిన వస్తువుల పట్టికకు ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్‌నూ, చేతికి అందేలా తాడుతో కట్టి ఉంచిన తీగ కత్తెరనూ చేర్చవలసిందిగా కోరుతున్నాను. గుండు అడుగున ఇరుక్కుని బ్రేకు జారకపోతే, తీగ తెంచి గుండును వదులుకోవడం తప్ప మరో దారి ఉండదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
గ్రాండ్ ర్యాపిడ్స్, మిషిగన్