వీజిల్ బుల్లి ట్యాంకు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ ఆదివారం సంచికలో పాత సైనిక వాహనాలను బాగుచేయించి దాచుకునేవారి గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. అందులో రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికన్ మంచుబండి వీజిల్ ఫోటో వేసి, కింద ‘బుల్లి ట్యాంకు’ అని రాశారు. మిషిగన్‌లో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక షెడ్డులో సరిగ్గా అలాంటి బండిని బాగుచేస్తూ మూడేళ్లుగా ఆదివారాలు గడుపుతున్నవాణ్ణి కనుక ఆ మాటను సరిదిద్దాలనిపించింది. అంతకంటే ముఖ్యంగా, తుప్పు గీకి, కొత్త రంగు వేసి, ఇంజిన్ తిరిగేలా చేస్తే పునరుద్ధరణ పూర్తయినట్టేనన్న ఆ వ్యాసం ధోరణితో నాకు పేచీ ఉంది.

వీజిల్‌కు కవచం లేదు, ఫిరంగి లేదు. అది మంచులోనూ బురదలోనూ మనుషులనూ సామానునూ మోయడానికి చేసిన తేలికపాటి బండి. తర్వాతి కాలంలో మనకు చివరి వైస్రాయ్‌గా వచ్చిన మౌంట్‌బాటెన్ 1942లో త్రివిధ దళాల ఉమ్మడి దాడులను చూసే బ్రిటన్ కంబైన్డ్ ఆపరేషన్స్ విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు, జెఫ్రీ పైక్ అనే విచిత్రమైన మేధావి ఆయన ముందు ఒక ఆలోచన పెట్టాడు: జర్మన్ల ఆక్రమణలో ఉన్న నార్వేలో మంచు మీద వేగంగా తిరిగే బండ్లతో కొద్దిమంది సైనికులను దించి, అక్కడి జలవిద్యుత్ కేంద్రాలను దెబ్బతీయాలని. ఆ దాడి జరగలేదు గానీ బండి మాత్రం మిగిలింది. 1852లో గుర్రపు బళ్ల తయారీతో మొదలైన స్టూడ్‌బేకర్ కంపెనీ ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో వీటిని దాదాపు 15,000 తయారుచేసింది. మంచు కోసం పుట్టిన ఈ బండి చివరికి ఇటలీ బురదలోనూ, 1944 నవంబరులో నెదర్లాండ్స్‌లోని వాల్హెరెన్ వరదనీటిలోనూ, 1945లో జపాన్ దీవి ఇవో జిమా బూడిద ఇసుకలోనూ పనికొచ్చింది.

దాని కిటుకంతా పట్టాల్లో ఉంది. మన ఊళ్లలో పొక్లెయిన్‌కు ఉన్నట్టు చక్రాల చుట్టూ తిరిగే పట్టాలే ఇవి కూడా, అయితే ఇనుప గొలుసు బదులు లోపల ఉక్కు తీగలు పొదిగిన రబ్బరు బెల్టులకు ఉక్కు పలకలు బిగించి ఉంటాయి. 20 అంగుళాల వెడల్పున్న ఈ పట్టాలు రెండు టన్నుల బరువును పరచడం వల్ల నేల మీద పడే ఒత్తిడి చదరపు అంగుళానికి రెండు పౌండ్లకు మించదు. మనిషి నడుములోతు దిగబడే చోట కూడా బండి పైపైన సాగిపోతుంది. బాగుచేసేవారికి అసలు తలనొప్పి కూడా ఇక్కడే. ఎనభై ఏళ్లకు రబ్బరు పగుళ్లు బారుతుంది, లోపలి తీగలు పైకి కనబడకుండానే తుప్పుపట్టి తెగుతాయి. ఇంజిన్‌తో అంత బాధ లేదు. అది స్టూడ్‌బేకర్ ఛాంపియన్ కారుకు వాడిన ఆరు సిలిండర్ల ఇంజినే కాబట్టి విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి లారీ షెడ్డులో కమాను పట్టీలు మోస్తూ పెరిగినవాణ్ణి కావడంతో, ఈ బండి కింద అడ్డంగా అమర్చిన కమాను పట్టీలను మొదటిసారి చూసినప్పుడు సొంతవాళ్లను చూసినట్టయింది.

ఇక పేచీ సంగతి. మా బండిని అంతకుముందు కొన్న ఆసామి ఒక వర్క్‌షాపుకిచ్చి ఇసుకను గాలి ఒత్తిడితో చిమ్మించి తుప్పు వదిలించాడు. వాళ్లు తుప్పుతో పాటు ఎడమ పక్కనున్న పాత అంకెలన్నిటినీ చెరిపేశారు. పని సగంలో ఆగిపోబట్టి కుడి పక్క బతికింది. అక్కడ ఆలివ్ రంగు కింద తెల్లరంగు, దాని కింద మళ్లీ ఆలివ్ రంగు కనబడ్డాయి. వెనక భాగంలో ఒక ఉక్కు చుట్టు (రింగు), దాని చుట్టూరా నాలుగు కంతలు ఉన్నాయి. ఏ రైతో తర్వాతి కాలంలో చేసుకున్న అతుకు అనుకుని, ఆ చుట్టును కోసేసి కంతలను వెల్డింగుతో పూడ్చేయాలని నిర్ణయించుకున్నాం.

అదే వారం మా వీధి చివర ఉండే 93 ఏళ్ల పెద్దాయన, మనవరాలి చెయ్యి పట్టుకుని బండి చూడడానికి వచ్చారు. 1954లో నిర్బంధ సైనిక సేవలో గ్రీన్‌లాండ్ హిమక్షేత్రం మీద ఆయన వీజిల్ నడిపారు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ‘ఇది నా బండి కాదు’ అన్నారు నిక్కచ్చిగా. తర్వాత వెనక ఉన్న చుట్టు మీద చెయ్యి వేసి ఆగిపోయారు. సాయంత్రం ఇంజిన్ ఆపగానే, ఆయిల్ గట్టిపడకముందే దాన్ని డబ్బాలోకి దించి గుడారంలోకి తీసుకెళ్లి, పొయ్యి పక్కన పెట్టుకుని, తెల్లవారాక వేడివేడిగా తిరిగి పోసేవారట. ఆ డబ్బా పగలంతా ఊగకుండా నిలిచే చోటు అలాంటి చుట్టే. రాత్రి పట్టాలు నేలకు అంటుకుని గడ్డకట్టకుండా బండిని చెక్కల మీదికి ఎక్కించి ఆపేవారని కూడా చెప్పారు. మేము చెత్తలో వేసిన రెండు మందపాటి చెక్క పలకలు గుర్తొచ్చి పరుగెత్తాం.

ఆ తర్వాత ఎనిమిది ఆదివారాలు ఆయన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, పక్కన రికార్డరు పెట్టాం. వీజిల్‌కు స్టీరింగు చక్రం ఉండదు, రెండు లివర్లు ఉంటాయి. ఏది లాగితే ఆ పక్క పట్టా నెమ్మదిస్తుంది. వాటిని ఎలా లాగాలో సైన్యం ముద్రించిన పుస్తకంలో ఉంది. కానీ ఏటవాలులో గట్టిగా లాగితే పట్టా జారి ఊడిపోతుందనీ, ఊడే ముందు ఒక టకటక శబ్దం వస్తుందనీ ఆయన నోటితో చేసి చూపించారు. ఆకాశమూ నేలా ఒకే తెలుపై అంచు కనబడనప్పుడు బండి ముందు ఒక మనిషి కర్రతో పొడుస్తూ నడిచేవాడని చెప్పారు. 1951 ఫిబ్రవరిలో అంటార్కిటికాలోని మౌడ్‌హైమ్ స్థావరం దగ్గర పొగమంచులో ఒక వీజిల్ మంచు అంచు దాటి సముద్రంలో పడి ముగ్గురు మరణించారు. ఆ కర్ర విలువ ఏమిటో దాన్ని బట్టి ఊహించుకోవచ్చు.

జ్ఞాపకాన్ని వేదవాక్కుగా తీసుకోమని నేను అనడం లేదు. మంచు మీద గంటకు యాభై మైళ్ల వేగంతో పోయేవాళ్లమని పెద్దాయన ఒట్టేసి చెబుతారు. బండి గరిష్ఠ వేగం చదునైన రోడ్డు మీదే 36 మైళ్లు. రికార్డింగులో ఆ మాట అలాగే ఉంచి, పక్కన అసలు అంకె రాశాం. చుట్టునూ కంతలనూ ముట్టుకోలేదు. కుడి పక్క రంగుల పొరలను ఒక అడుగు మేర అలాగే వదిలేశాం. ప్రదర్శనకు తీసుకెళ్తే ‘ఇంకా పని మిగిలిందా?’ అని అడుగుతారు, అడగనివ్వండి.

మన దగ్గర ఈ పని జరగకపోలేదు. విశాఖ సాగరతీరంలోని కుర్సురా జలాంతర్గామిలో నౌకాదళం నుంచి రిటైరైన వారే సందర్శకులకు దారి చూపిస్తున్నారు. ఇరుకు గదిలో ఎలా పడుకునేవారో బోర్డు చదవడం వేరు, పడుకున్నవాడు చెబితే వినడం వేరు. అయితే 1984 నుంచి సియాచిన్ వైపు బండ్లు నడిపిన డ్రైవర్లూ, సైనిక వాహనాల మరమ్మతు చూసే సికింద్రాబాద్ ఈఎంఈ విభాగంలో శిక్షణ పొంది లేహ్ చలిలో స్పానర్ పట్టిన మెకానిక్కులూ మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. ఇంటికొక సైనికుడిని ఇచ్చిందని పేరుపడ్డ పశ్చిమ గోదావరి మిలిటరీ మాధవరంలోనైతే అరుగు మీదే దొరుకుతారు. మీ జిల్లా విలేకరులు ఇలాంటి వారి దగ్గరికి వెళ్లి, పతకాల గురించి కాకుండా, తెల్లవారుజామున బండి ఎలా స్టార్ట్ చేసేవారో అడిగి ఆదివారం సంచికలో వేయాలని మనవి. ఫోటో కింది మాటను కూడా వచ్చే సంచికలో సవరించగలరు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
మిషిగన్ (స్వస్థలం విజయవాడ)