పంతులుగారి పాత బాకీ

సంపాదకుడు గారికి,

ఈమధ్య ఎక్కడ నలుగురు చేరినా ఒక మాట వినిపిస్తోంది. వెనకటి పంతుళ్ళు చాలీచాలని జీతంతోనే ఎంత బాగా చదువు చెప్పేవారో, ఇప్పటివాళ్ళకు ఎంతిచ్చినా చాలదట. పెద్దవాళ్ళ మీద గౌరవంతోనే అంటున్నారు. కానీ ఆ చాలీచాలని జీతం మీద పెరిగినవాణ్ణి నేను. వింటుంటే ప్రాణం చివుక్కుమంటుంది.

మా నాన్నగారు సఖినేటిపల్లి వైపు లంకల్లో పంచాయతీ సమితి బడి పంతులు. జీతం ఏ నెలలోనూ ఒకటో తారీకున వచ్చింది లేదు. కిరాణా కొట్టులో మాకో పొడుగాటి ఖాతా పుస్తకం ఉండేది. అట్ట మీద నాన్నగారి పేరు కాదు, 'పంతులుగారు' అనే ఉండేది. పేజీ తిప్పితే మొదటి వరుస 'పాత బాకీ'. ఆ వరుస లేని పేజీ నేను చూడలేదు. కింద చింతపండు, కిరసనాయిలు, కందిపప్పు. అన్నిటికీ అడుగున, అమ్మకు చెప్పకుండా నాన్నగారు రాయించిన సుద్దముక్కల పెట్టె, బడి కోసం. అమ్మ ఆ కొట్టుకు తను వెళ్ళేది కాదు, నన్నే పంపేది.

ఊరు ఆదరించింది, కాదనను. కోతలయ్యాక ధాన్యం పంపేవారు, దింపు తీసిన రోజున నాలుగు కొబ్బరికాయలు ఇచ్చేవారు. దసరాకు పిల్లలు గిలకలు పట్టుకుని ఇంటింటికీ తిరిగితే మామూలు దక్కేది. కానీ ధాన్యం పంపిన ఆసామి ఎదురుపడితే నాన్నగారి గొంతు తగ్గిపోయేది. బతకలేక బడిపంతులు అన్నారంటే ఊరికే అన్నారా?

1980ల్లో నేను స్పెషల్ టీచరుగా చేరాను. నెలకు 398 రూపాయలు, అంతే. రోజూ నరసాపురం రేవులో పంటు ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్ళేవాణ్ణి. వశిష్ఠ గోదావరికి వరదొచ్చి పంటు ఆగిపోతే ఆ రాత్రి బడి వరండాలోనే పడక. ఉపాధ్యాయ సంఘాలు పోరాడి, మాకు రెగ్యులర్ జీతపు స్కేలు వచ్చాకే మా ఇంటి ఖాతాలో పాత బాకీ వరుస పోయింది.

ఇదంతా గడిచిపోయిన సంగతే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. మా వీధిలో బీఈడీ చదివిన అమ్మాయి ఒకతె పల్లెటూరి ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. ఏప్రిల్లో బడి మూశాక మళ్ళీ జూన్ దాకా ఆమెకు జీతం లేదు. ఆ ఎండల్లో బట్టల కొట్టులో నిలబడి పనిచేస్తోంది. వాళ్ళమ్మ సరుకులు అరువు తెస్తోంది. ప్రైవేటు బడుల్లో వసూలైన ఫీజుల్లో సగం సిబ్బంది జీతాలకే ఖర్చుపెట్టాలని 1994లోనే విద్యాశాఖ జీవో నంబరు 1 చెప్పింది.

తనిఖీకి వెళ్ళే విద్యాశాఖ అధికారులు గదులు, మరుగుదొడ్లు చూసినట్టే జీతాల రిజిస్టరు కూడా తెరిపించాలి. జీతం 12 నెలలూ బ్యాంకులో పడుతోందో లేదో చూడాలి. పిల్లల్ని చేర్పించేటప్పుడు తల్లిదండ్రులు కూడా, మా పిల్లలకు చెప్పే టీచరుకు ఎంత ఇస్తున్నారని అడగాలి.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నరసాపురం