ఆశా కార్యకర్త ఫారంలోని ఆ ఒక్క ప్రశ్న: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి, వరంగల్ కాశీబుగ్గ నుంచి నమస్కారములతో వ్రాయునది.

మా బాపు ఆజంజాహి మిల్లులో నేత కార్మికుడు. ఆ మిల్లు మూతపడి రెండు దశాబ్దాలు దాటింది. అయినా మూడేళ్ల కిందట ఒక తెల్లవారుజామున ఆయన చొక్కా తిరగేసి తొడుక్కుని, ఖాళీ టిఫిను డబ్బా చేతబట్టుకుని, "సైరను కూసింది, గేటు బందు చేస్తరు" అంటూ తలుపు గొళ్లెం లాగుతున్నారు. పొద్దున ఏం తిన్నారో గుర్తులేని మనిషి, మిల్లులో తన సాంచ (మరమగ్గం) నంబరు మాత్రం తడుముకోకుండా చెప్పేవారు.

బంధువులు చాదస్తమన్నారు, వాడకట్టులో గాలి సోకిందన్నారు, చూసిన వైద్యుడొకరు ఈ వయసులో మామూలేనని బలం గోలీలు రాసి పంపారు. వీరందరికంటే పెద్ద తప్పు మాదే. పెళ్లి పిలుపు వస్తే బాపుకు జ్వరమని చెప్పి, బయట తాళం వేసి వెళ్లేవాళ్లం. ఆ జబ్బు పేరు డిమెన్షియా అని తెలుసుకోవడానికే మాకు రెండేళ్లు పట్టింది.

డిమెన్షియా వయసుతో వచ్చే మామూలు మతిమరుపు కాదు, మెదడు జబ్బుల వల్ల కలిగేది. అందులో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్‌ను జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లోనే వివరించారు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. విటమిన్ బీ12 లోపం, థైరాయిడ్ సమస్య వల్ల కూడా జ్ఞాపకశక్తి తగ్గవచ్చు, అలాంటివి సకాలంలో తెలిస్తే చికిత్సతో మెరుగుపడతాయి. దాచిపెట్టిన ఇంట్లో ఆ రక్తపరీక్ష కూడా జరగదు.

అయ్యా, నేను కొత్త పథకం అడగడం లేదు. బీపీ, షుగరు సర్వేకు ఆశా కార్యకర్తలు తెచ్చే సీబీఏసీ అనే ఆరోగ్య ప్రశ్నల ఫారంలో, 60 దాటినవారి కోసం ఒక ప్రశ్న ఇప్పటికే ఉంది: దగ్గరివారి పేర్లు గానీ, సొంత ఇంటి చిరునామా గానీ మరచిపోతున్నారా? అవునంటే వైద్యాధికారి వద్దకు పంపాలని ఆ ఫారమే చెబుతోంది. మా ఇంట్లోనూ ఆ ప్రశ్న అడిగారు. గడప బయట నిలబడి, పక్కింటివాళ్లు వింటుండగా, మంచం మీద కూర్చున్న బాపు ఎదుటే అడిగితే, మా అమ్మ తల దించుకుని "అట్లాంటిదేం లేదు" అన్నది. ఫారంలో "లేదు" అనే పడింది. ఆ అమ్మాయిని తప్పుపట్టను, ఆమె చేతిలో ఇంకా ఎన్ని ఇళ్ల కాగితాలున్నాయో.

కాబట్టి ఆ ప్రశ్నను ఇంటివారితో విడిగా, ఇది పిచ్చి కాదని ముందే చెప్పి అడిగేలా ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇప్పించండి. "అవును" అన్నవారిని పరీక్షించడం పల్లె, బస్తీ దవాఖానాల వైద్యులకు నేర్పించండి. సెప్టెంబరు 21న అల్జీమర్స్ దినం పోస్టర్లు ఆసుపత్రి గోడలకే కాక ఎనుమాముల మార్కెట్లో, బస్టాండ్లలో అంటించండి. వాటి మీద మాత్రం డిమెన్షియాకు తెలుగులో రాసే "చిత్తవైకల్యం" అన్న మాట వద్దు. మా అమ్మ ఆ మాట చదివితే మళ్లీ "లేదు" అనే చెబుతుంది.

ఇట్లు,
ఒక నేత కార్మికుని కూతురు,
కాశీబుగ్గ, వరంగల్